ఏథెన్స్‌కి వచ్చిన మనవాళ్లకు: ఆ రాళ్ల మధ్య పరదేశులూ బతికారు

ఏథెన్స్‌కి చదువుకో ఉద్యోగానికో వచ్చిన మనవాళ్లు మొదటి నెలలో నన్ను అడిగే సందేహాలు దాదాపు ఒకటే: అద్దె ఇల్లు, ట్యాక్స్ నంబరు, కందిపప్పు దొరికే కొట్టు. అవి సర్దుకున్నాక మూడో నెలలోనో నాలుగో నెలలోనో ఇంకో ప్రశ్న వస్తుంది. "అన్నా, ఆక్రోపొలిస్ ఎక్కాం, ఫొటోలు దిగాం. రాళ్లు తప్ప ఏమీ అర్థం కాలేదు. ఆ కాలంలో మామూలు మనుషులు ఎలా బతికేవాళ్లు?" మొన్న విజయవాడ నుంచి చదువుకోవడానికి వచ్చిన ఒక తమ్ముడు కూడా ఇదే అడిగాడు. ఫోన్లో చెప్పింది చాల్లేదనిపించి ఇది రాస్తున్నాను.

నేను విశాఖ నుంచి వచ్చి, పిరెయస్ రేవు దగ్గర ఓడల ఆఫీసులో పనిచేస్తూ 18 ఏళ్లుగా ఇక్కడే ఉంటున్నాను. చరిత్ర నా చదువు కాదు, ఇక్కడికి వచ్చాక ఇష్టంతో నేర్చుకున్నది. నా మొదటి సలహా: కొండ మీద మొదలుపెట్టొద్దు. ఆక్రోపొలిస్ దేవతల చోటు, మనుషులు బతికింది కింద. మొనస్తిరాకి మెట్రో స్టేషన్లో దిగి పాత అగోరాలోకి, అంటే ఆ కాలపు సంత, జనం కూడే చోటులోకి వెళ్లండి. లోపల పొడవాటి స్తంభాల మండపం ఒకటి కొత్తగా కనిపిస్తుంది. దాని పేరు అట్టాలోస్ స్తోవా. 1950లలో అమెరికన్ పురావస్తు బృందం పాత పునాదుల మీద దాన్ని తిరిగి కట్టింది. మ్యూజియం అందులోనే ఉంది. వేసవిలో అయితే పొద్దున్నే వెళ్లండి. ఎండలు మరీ ముదిరిన రోజుల్లో ఆక్రోపొలిస్‌నే మధ్యాహ్నం పూట మూసేస్తున్నారు. నవంబరు నుంచి మార్చి దాకా నెలలో మొదటి ఆదివారం ప్రభుత్వ మ్యూజియాలకు టికెట్ ఉండదు, వెళ్లేముందు ఒకసారి సరిచూసుకోండి.

ఆ మ్యూజియంలో మనవాళ్లని నేను ముందుగా తీసుకెళ్లేది ఒక మట్టి కుర్చీ దగ్గరికి. పసిపిల్లల్ని దొడ్డికి కూర్చోబెట్టడానికి చేసింది. కాళ్లు బయటికి పెట్టుకోవడానికి ముందువైపు కంత ఉంటుంది. క్రీ.పూ. 6వ శతాబ్దపు వస్తువు. దాన్ని చూశాక ఎవరికైనా ఆ ఊరు కాస్త దగ్గరవుతుంది. ఇంకో అరలో గింజలు కొలిచే మట్టి పాత్ర ఉంది, మీద ప్రభుత్వ ముద్ర. సంతలో కొలతలు సరిగ్గా ఉన్నాయో లేదో చూడటానికి వేరే అధికారులు ఉండేవాళ్లు. మానిక, కుంచం చూసి పెరిగిన ఇళ్ల నుంచి వచ్చినవాళ్లం కదా, ఆ పాత్ర ఎందుకో మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. బయట, అగోరా సరిహద్దు రాయి పక్కన, ఒక చెప్పులు కుట్టేవాడి ఇంటి పునాదులు ఉన్నాయి. తవ్వినప్పుడు అక్కడ ఇనుప మేకులు, చెప్పుల తాళ్లు దూర్చే ఎముక రింగులు, 'సిమోన్‌ది' అని గీసిన గిన్నె ముక్క దొరికాయి. సోక్రటీస్ వచ్చి కూర్చుని మాట్లాడేవాడని పాత పుస్తకాలు చెప్పే సిమోన్ అంగడి ఇదే అయ్యుంటుందని చాలామంది అంటారు.

సంతకు వెళ్లేది ఎక్కువగా మగవాళ్లు, లేదా బానిసలు. 'అగోరా నిండే వేళ' అంటే పొద్దున పదింటి ప్రాంతం, టైము చెప్పడానికి అదే మాట. చిల్లర నాణేలు దవడలో పెట్టుకుని వెళ్లేవాళ్లు. ఆరు ఒబోల్‌లు ఒక ద్రాక్మా. ఈ ద్రాక్మా గుర్తుపెట్టుకోండి, కింద చాలాసార్లు వస్తుంది. చేయి తిరిగిన పనివాడికి రోజు కూలి సుమారు ఒక ద్రాక్మా.

తిండి సంగతి మనవాళ్లు తప్పకుండా అడుగుతారు. ఇక్కడి హోటళ్లలో పెట్టే టమాటా సలాడ్ చూసి పాత గ్రీకులూ ఇదే తిన్నారనుకోకండి. టమాటా, బంగాళదుంప, మిరప అన్నీ అమెరికా ఖండాల నుంచి చాలా తర్వాత వచ్చాయి. వాళ్ల రోజువారీ తిండి బార్లీ పిండి ముద్ద, వీలైతే గోధుమ రొట్టె. దానిలోకి నంజుకునేది ఏదైనా, ఉల్లిపాయో వెల్లుల్లో చేపో జున్నో, అన్నిటికీ కలిపి ఒకే మాట 'ఒప్సోన్'. అన్నం, కూర అని మనం విడదీసినట్టే వాళ్లూ విడదీశారు. కూర ఎక్కువ తిని రొట్టె తక్కువ తినేవాణ్ణి తిండిపోతు అనేవాళ్లు. మాంసం ఎక్కువగా పండగ బలి రోజుల్లోనే. బఠానీతో చేసే ముద్దపప్పు లాంటిది ఒకటి, మసూరు పప్పు చారు ఒకటి పేదవాడి వంటలు. ఆ మసూరు వంటకం పేరు అప్పుడు 'ఫకే', ఇప్పుడు 'ఫకెస్'. ఏ చిన్న హోటల్లోనైనా దొరుకుతుంది, నిమ్మకాయ పిండుకుని కాస్త కారం చల్లుకుంటే ఇంటి బెంగ సగం తీరుతుంది. పెళ్లిలో నువ్వులు, తేనె కలిపి ఉండలు పంచేవాళ్లు.

ఇళ్లు రాతి పునాది మీద పచ్చి ఇటుకలతో కట్టినవి. మధ్యలో వాకిలి, చాలా ఇళ్లలో బావి. దొంగకు గ్రీకులో ఉన్న ఒక పేరుకు అర్థం 'గోడ తవ్వేవాడు'. తలుపు పగలగొట్టడం కంటే మట్టిగోడకు కన్నం వేయడం తేలిక మరి. వీధి వైపు మగవాళ్ల గది, అతిథులు అక్కడికే. ఆడవాళ్లు లోపల, లేదా మేడ మీద. ఒక హత్యకేసులో ముద్దాయి కోసం, కోర్టు ప్రసంగాలు రాసే లిసియాస్ అనే ఆయన రాసిచ్చిన ప్రసంగం మిగిలి ఉంది. అందులో ఆ భర్త తన ఇంటి గురించి చెబుతాడు: చిన్న మేడ ఇల్లు, బిడ్డ పుట్టాక భార్య రాత్రుళ్లు పిల్లవాణ్ణి కడగడానికి మెట్లు దిగాల్సి వస్తోందని తాను పైకి మారి ఆమెను కిందికి మార్చాడు. పెద్ద పెద్ద యుద్ధ చరిత్రల్లో దొరకని ఇంటి లోపల ఈ కోర్టు కాగితంలో కనిపిస్తుంది. ఆ లిసియాస్ సంగతి మళ్లీ చెబుతాను.

కట్నం వాళ్లలోనూ ఉంది. కానీ అది భర్త సొమ్ము అయిపోదు. పెళ్లి పెటాకులైతే తిరిగి ఇవ్వాలి, ఇవ్వకపోతే ఏడాదికి 18 శాతం వడ్డీ. కొడుకులు లేని ఇంట్లో ఆస్తికి కూతురు మాత్రమే మిగిలితే, ఆ అమ్మాయిని తండ్రి వైపు దగ్గరి బంధువు పెళ్లాడే హక్కు అడగవచ్చు. తండ్రి అన్నదమ్ములదే ముందు వరస. మనకు మేనమామ వరస అవుతాడు, చిన్నాన్న తండ్రితో సమానం. అక్కడ సరిగ్గా తిరగబడింది. నేను ఇది మొదటిసారి విన్నప్పుడు చాలాసేపు మింగుడు పడలేదు. ఆస్తి తండ్రి ఇల్లు దాటకూడదన్న లెక్కతో చూస్తే వాళ్ల పద్ధతి అర్థమవుతుంది.

ఇక అసలు విషయం, పేర్లు. పెద్ద కొడుక్కి తాత పేరు పెట్టడం వాళ్లకూ ఆనవాయితీ, ఇక్కడ ఇప్పటికీ ఉంది. ఏథెన్స్ పౌరుడి పూర్తి పేరులో మూడు ముక్కలు: తన పేరు, తండ్రి పేరు, ఊరు. ఏథెన్స్ నాయకుడు పెరిక్లీస్ అంటే క్సాంథిప్పోస్ కొడుకు, ఖొలార్గోస్ వాడు. ఆ ఖొలార్గోస్ పేరుతో ఇప్పుడు మెట్రో స్టేషన్ ఉంది. ఇలాంటి ఊళ్లు, వాడలు ఏథెన్స్ రాజ్యంలో 139. వాటిని 'దీమోస్' అనేవాళ్లు. క్రీ.పూ. 508 ప్రాంతంలో క్లెయిస్థెనీస్ అనే నాయకుడు ఈ ఏర్పాటు చేసినప్పుడు ఎవరు ఎక్కడుంటే అది వాళ్ల దీమోస్ అయింది. తర్వాత ఇల్లు మారినా, ఊరు మారినా అది మారలేదు, తండ్రి నుంచి కొడుక్కి వెళ్లింది. నాలుగు తరాలుగా హైదరాబాదులో ఉన్నా ఇంటిపేరులో తాడేపల్లో పాలకొల్లో మిగిలినట్టే. పద్దెనిమిదేళ్లు నిండాక ఆ దీమోస్ వాళ్లు ఓటు వేసి కుర్రవాణ్ణి జాబితాలో రాసుకుంటేనే పౌరుడు. క్రీ.పూ. 451లో పెరిక్లీస్ ప్రతిపాదించిన చట్టంతో తల్లి, తండ్రి ఇద్దరూ ఏథెన్స్ వాళ్లే అయ్యుండాలన్న నియమం వచ్చింది. తర్వాత ఆయనే మిలేటస్ నుంచి వచ్చిన అస్పాసియాతో కలిసి ఉన్నాడు. వాళ్లకు పుట్టిన కొడుకు ఆ చట్టం ప్రకారం పౌరుడు కాలేదు. ప్లేగులో మిగతా ఇద్దరు కొడుకులూ పోయాక, పౌరుల సభ ప్రత్యేకంగా ఒప్పుకుంటే గానీ ఆ పిల్లవాడికి పౌరసత్వం రాలేదు.

మరి బయటి నుంచి వచ్చినవాళ్ల పేరు ఎలా రాశారు? ఇది నాకు ఇక్కడి ఎపిగ్రాఫికల్ మ్యూజియంలో తెలిసింది. శాసనాల కోసమే ఉన్న మ్యూజియం అది, నేషనల్ మ్యూజియం పక్క సందులో ఉంటుంది. మా ఆఫీసులో రిటైరైన ఒక పెద్దాయన నన్ను అక్కడికి తీసుకెళ్లి శాసనాల మీద అక్షరాలు వేలితో చూపిస్తూ చదివారు. పౌరుడైతే 'ఫలానా ఊరివాడు' అని ఉంటుంది. పరదేశి అయితే 'ఒయికోన్ ఎన్ మెలితె', అంటే 'మెలితెలో ఉంటున్నవాడు'. మెలితె ఏథెన్స్‌లో ఒక దీమోస్. ఊరివాడు కాదు, ఊళ్లో ఉంటున్నవాడు. అప్పటికి నేను రెసిడెన్స్ పర్మిట్ మూడుసార్లు రెన్యువల్ చేయించుకుని ఉన్నాను. ఆ రెండు మాటల తేడా నాకు ఏ పుస్తకమూ విడమర్చి చెప్పాల్సిన పని లేకపోయింది. ఆ రోజు నుంచి ఈ నగరాన్ని నేను ఆ 'ఉంటున్నవాళ్ల' వైపు నుంచే చూస్తున్నాను. మిమ్మల్నీ అలాగే చూడమని అడుగుతున్నాను.

వాళ్లను 'మెటోయికోస్' అన్నారు, ఇంగ్లీషు పుస్తకాల్లో మెటిక్ అంటారు. ఇల్లు మార్చుకుని వచ్చినవాడని అర్థం. క్రీ.పూ. 4వ శతాబ్దం చివర తీసిన ఒక లెక్కలో 21,000 మంది పౌరులకు 10,000 మంది మెటిక్‌లు ఉన్నారు. మగవాడు ఏడాదికి 12 ద్రాక్మాలు పన్ను కట్టాలి, సొంతంగా బతికే ఆడమనిషి 6. పన్నెండు రోజుల కూలి, మోయలేని భారం కాదు. కానీ ఇది ఊళ్లో ఉంటున్నందుకే కట్టే పన్ను, పౌరుడికి ఇలాంటిది లేదు. ఎగ్గొట్టినట్టు రుజువైతే బానిసగా అమ్మేయవచ్చు. పౌరుడొకడు పూచీదారుగా ఉండాలి, అతణ్ణి 'ప్రోస్టాటీస్' అనేవాళ్లు. నేను వచ్చిన కొత్తలో ఇంటి ఓనరు ఎవరైనా గ్రీకు మనిషి మాట ఉంటే గానీ తాళం ఇవ్వనన్నప్పుడు నా కోసం వచ్చి నిలబడింది పైన చెప్పిన పెద్దాయనే. అందుకే ప్రోస్టాటీస్ అన్న మాట నాకు ఎక్కువగా గుర్తుంటుంది.

భూమి, ఇల్లు కొనే హక్కు లేదు, సభ ప్రత్యేకంగా ఇస్తే తప్ప. స్తగీరా నుంచి వచ్చిన అరిస్టాటిల్ కూడా మెటిక్కే. అంత పెద్ద బడి నడిపినా ఆయనకు ప్నిక్స్ కొండ మీద సభలో ఓటు లేదు. సభలో ఓటు లేదు, జ్యూరీలో చోటు లేదు. యుద్ధం వస్తే మాత్రం సైన్యంలోకి వెళ్లాలి. పాన్-ఏథెనియా పండగ ఊరేగింపులో మెటిక్‌లు ఊదారంగు బట్టలు కట్టుకుని తేనెపట్లు, పిండివంటలు ఉన్న పళ్లేలు మోసేవాళ్లు. ఆక్రోపొలిస్ మ్యూజియం పై అంతస్తులో పార్థెనాన్ చుట్టూ ఉండే శిల్పాల వరస పెట్టారు. ఉత్తరం వైపు పలకల్లో పళ్లేలు భుజాన మోసే కుర్రవాళ్లని వెతకండి. అందరూ గుర్రాల దగ్గర ఫొటోలు దిగుతారు, వీళ్ల దగ్గర ఎవరూ ఆగరు.

పని దగ్గర మాత్రం వేరే లెక్క కనిపిస్తుంది. ఆక్రోపొలిస్ మీది ఎరెఖ్థెయోన్ గుడి, అదే ఆడవాళ్ల బొమ్మలు స్తంభాలుగా నిలబడ్డ గుడి, క్రీ.పూ. 409–407 మధ్య పూర్తి చేసినప్పటి ఖర్చుల లెక్క రాళ్ల మీద చెక్కారు. హోదా తెలిసిన పనివాళ్లలో 24 మంది పౌరులు, 42 మంది మెటిక్‌లు, 20 మంది బానిసలు. రోజు కూలి అందరికీ ఒకటే, ద్రాక్మా. బానిస కూలి అతని యజమానికి వెళ్లేది, అది వేరే సంగతి. కానీ ఒకే స్తంభానికి గాడులు చెక్కిన పౌరుడికీ 'మెలితెలో ఉంటున్న' వాడికీ మధ్య ధరలో తేడా పెట్టలేదు. మీరు ఇక్కడ ఆ గుడి ముందు నిలబడినప్పుడు, దాన్ని చెక్కినవాళ్లలో సగం మంది పరదేశులని గుర్తుంచుకోండి.

ఇప్పుడు పిరెయస్. నేను రోజూ వెళ్లే దారి కాబట్టి దీని మీద నాకు మక్కువ ఎక్కువ. గళ్ల గళ్లుగా ఉండే దాని వీధుల ప్లాను మిలేటస్ నుంచి వచ్చిన హిప్పొదామోస్‌ది. నగరానికి తిండి గింజలు నల్లసముద్రం వైపు నుంచి ఈ రేవుకే దిగేవి. ఏథెన్స్‌లో కాపురం ఉండే ఎవరూ, పౌరుడైనా మెటిక్ అయినా, ధాన్యం ఓడను వేరే రేవుకు తీసుకెళ్లకూడదని చట్టం. దిగుమతికీ ఎగుమతికీ నూటికి రెండు వంతుల సుంకం. ఓడ మీద అప్పు ఇచ్చేవాళ్లు ఇరవై, ముప్ఫై శాతం వడ్డీ అడిగేవాళ్లు. ఓడ మునిగితే మాత్రం అప్పు తీర్చక్కర్లేదు, అందుకే అంత వడ్డీ. ఈనాటి ఇన్సూరెన్స్ కాగితాలు రోజూ చూసే నాకు ఆ ఒప్పందాలు పరాయిగా అనిపించవు.

ఈ రేవులోనే సిరక్యూస్ నుంచి వచ్చిన కెఫాలోస్ కుటుంబం ఉండేది. పెరిక్లీస్ పిలిస్తే వచ్చాడని ఆయన కొడుకు లిసియాస్ రాశాడు. డాలులు తయారుచేసే కార్ఖానా పెట్టారు. వాళ్ల దగ్గర 120 మంది బానిసలు. పౌరుల కంటే సక్రమంగా పన్నులు, ఖర్చులు భరించారు. ప్లేటో తన 'రిపబ్లిక్' సంభాషణను వీళ్ల ఇంట్లోనే జరిపించాడు. క్రీ.పూ. 404లో స్పార్టాతో యుద్ధంలో ఓడిపోయాక ఏథెన్స్‌ని ముప్ఫై మంది నియంతలు చేజిక్కించుకున్నారు. డబ్బు కావాలి, మెటిక్‌ల దగ్గర డబ్బుంది. జాబితా వేసి ఇళ్ల మీద పడ్డారు. లిసియాస్ లంచం ఇచ్చి వెనక తలుపు నుంచి తప్పించుకుని మెగారాకు పోయాడు. అన్న పొలెమార్ఖోస్‌ని వీధిలో పట్టుకుని విచారణ లేకుండా విషం తాగించారు. వదిన చెవులకున్న బంగారు కమ్మలు కూడా లాక్కున్నారని లిసియాస్ కోర్టులో చెప్పాడు. ప్రజాపాలన తిరిగి తేవడానికి లిసియాస్ డాలులు, డబ్బు ఇచ్చాడు. దానికి ప్రతిఫలంగా ఇచ్చిన పౌరసత్వం చట్టపరమైన అభ్యంతరంతో కొద్ది రోజుల్లోనే రద్దయింది. మిగతా జీవితమంతా పౌరుల కేసులకు ప్రసంగాలు రాసిస్తూ బతికాడు. మేడ మెట్ల ముచ్చట రాసింది ఈయనే. ఏథెన్స్ ఇళ్లల్లో ఎలా మాట్లాడుకున్నారో ఇవాళ మనకు ఎక్కువగా తెలియజేసేది పౌరుడు కాలేకపోయిన ఈ మనిషి.

ఈ కథ విని మెటిక్‌ల మీద జాలి పడి ఆగిపోవద్దని కూడా మనవాళ్లకు చెబుతాను. ఆ 120 మంది గురించి ఆలోచించండి. క్రీ.పూ. 414లో, దేవతా విగ్రహాలు పగలగొట్టిన కేసులో శిక్ష పడ్డవాళ్ల ఆస్తులు వేలం వేశారు. ఆ వేలం లెక్క రాళ్ల మీద ఉంది. అందులో పిరెయస్‌లో ఉంటున్న కెఫిసొదోరోస్ అనే మెటిక్ ఆస్తి పదహారు మంది మనుషులు. థ్రేస్ ఆడమనిషి, 165 ద్రాక్మాలు. సిరియా మగమనిషి, 301. కారియా పిల్లవాడు, 72. పేర్లు లేవు, దేశం, ధర మాత్రమే. డెబ్బై రెండు రోజుల కూలికి ఒక పిల్లవాడు. నగరానికి వెండి ఇచ్చిన లావ్రియో గనుల్లో తవ్వినవాళ్లు కూడా బానిసలే. నికియాస్ అనే సేనాపతి వెయ్యి మందిని రోజుకు తలకు ఒక ఒబోల్ చొప్పున గనులకు అద్దెకిచ్చాడు. పౌరుడు రోజంతా అగోరాలో, సభలో, జ్యూరీలో గడపగలిగాడంటే వెనక ఈ మనుషులున్నారు. ఇది పక్కన పెట్టి ఆ ప్రజాస్వామ్యం గురించి మాట్లాడటం నాకు ఇష్టం ఉండదు.

గుడి సంగతి కూడా అడుగుతారు, మన పండగలు ఎక్కడ చేసుకోవాలని. క్రీ.పూ. 333లో సైప్రస్‌లోని కితియోన్ వ్యాపారులు తమ అఫ్రొడైటీకి గుడి కట్టుకోవడానికి స్థలం కొనుక్కుంటామని ఏథెన్స్ సభను అడిగారు. ఈజిప్ట్ వాళ్లకు ఐసిస్ గుడికి ఇచ్చినట్టే వీళ్లకూ ఇవ్వాలని లికుర్గోస్ అనే నాయకుడు ప్రతిపాదించాడు, సభ ఒప్పుకుంది. ఆ తీర్మానం పిరెయస్‌లో దొరికింది. చాలా తర్వాత, రోమ్ చక్రవర్తి అగస్టస్ రోజుల్లో, బరిగజ నుంచి, అంటే ఇవాళ్టి భరూచ్ నుంచి వచ్చిన ఒక భారతీయుడు ఏథెన్స్‌లో తనంతట తాను చితి మీదికి దూకి ప్రాణం వదిలాడు. ఇక్కడివాళ్లు అతనికి సమాధి కట్టి, తన దేశాచారం ప్రకారం చేశాడని రాశారు. దాన్ని 'ఇండియన్ సమాధి' అని చూపించేవాళ్లని పాత గ్రీకు రచయిత ప్లూటార్క్ రాశాడు.

మీకు ఒక్క ఆదివారమే ఉంటే అగోరా పొద్దున చూసుకుని మధ్యాహ్నం నేషనల్ మ్యూజియంకి రండి. సమాధి రాళ్ల గదుల్లో, అందమైన పెద్ద విగ్రహాల మధ్య, పెద్దగా నైపుణ్యం లేని చెక్కడం ఒకటి ఉంటుంది. మంచం మీద శవం, ఒక వైపు నుంచి మీద పడబోతున్న సింహం, రెండో వైపు ఓడ ముందు భాగంతో అడ్డుపడుతున్న మనిషి. పైన రెండు లిపులు. గ్రీకులో అతను ఆంటిపాట్రోస్, అఫ్రొడిసియోస్ కొడుకు, అష్కెలోన్ వాడు. ఇప్పటి లెబనాన్ తీరం, అంటే ఫినీషియా వాళ్ల భాషలో అతని పేరు షేమ్, తండ్రి పేరు అబ్దష్తార్త్. ఇంట్లో పిలిచే పేరు ఒకటి, ఇక్కడి నోళ్లకు తిరిగే పేరు ఇంకోటి. రాయి పెట్టించింది సీదోన్ నుంచి వచ్చిన ఇంకో ఫినీషియన్. కింద గ్రీకు పద్యంలో చనిపోయినవాడే చెబుతున్నట్టుంటుంది: సింహం నన్ను చెదరగొట్టాలని వచ్చింది, ఓడ నుంచి వచ్చిన స్నేహితులు అడ్డుపడి నాకు సమాధి చేశారు, ఫినీషియా వదిలి వచ్చి ఈ నేలలో ఉన్నాను అని.